ఎండుమేతపై పెరిగే దూడలకు దాణా సంకలితాలు: ముందు ఏది, తరువాత ఏది?

వరిగడ్డి, జొన్నచొప్ప ప్రధానాహారంగా పెరిగే దూడలకు దాణాలో ఏయే సంకలితాలు కలపాలి అన్న ప్రశ్న రైతు శిక్షణ తరగతులలోను, పశు ఆరోగ్య శిబిరాలలోను తరచుగా వినవస్తున్నది. ఈస్టు, ఎంజైములు, ప్రోబయోటిక్కులు, బఫర్లు, అయనోఫోర్లు, మీథేన్ నిరోధకాలు అంటూ విపణిలో లభించే వాటి జాబితా పెరుగుతూనే ఉన్నది. ప్రశ్న సమంజసమైనదే. సమాధానం మాత్రం అనేక సందర్భాలలో తలక్రిందులుగా మొదలవుతున్నది. ఒక సంకలితం ఫలితమిస్తుందా లేదా అన్నది ఆ పదార్థపు గుణంపై ఎంత ఆధారపడి ఉంటుందో, పశువు తినే మూల మేతపై అంతకంటె ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ధాన్యపు దాణాపై పెరిగే పశువుల కొరకు రూపొందిన పదార్థాన్ని గడ్డిపై పెరిగే దూడకు అదే మోతాదులో, అదే ఫలితాన్ని ఆశించి సిఫారసు చేయడం శాస్త్రసమ్మతం కాదు. ఎండుమేతపై పెరిగే దూడల విషయంలో సంకలితాల సిఫారసుకు ఒక వరుసక్రమం అవసరం. ఆ క్రమంలో మొదటి మెట్టు పూర్తి కాకుండా మూడవ మెట్టుపై రైతు చేత డబ్బు ఖర్చు పెట్టించరాదు.

పెరిగే దూడ లెక్క

పాడి రైతు ఇంట తవుడు, చెక్క ముందుగా పాలిచ్చే పశువు తొట్టిలోకి చేరుతాయి. ఆ తరువాత చూడి పశువు వంతు. పాలు మాన్పించిన పెయ్యకు మిగిలేది గడ్డి. నేడు ఆదాయం ఇవ్వని జీవిపై ఖర్చు పెట్టడానికి రైతు వెనుకాడటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ పొదుపునకు చెల్లించే మూల్యం రెండు మూడేళ్ళ తరువాత గాని కనబడదు.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. సంకరజాతి పెయ్యను సుమారు 250 కిలోల శరీర బరువు వద్ద గర్భధారణకు అనుకూలమైనదిగా పరిగణిస్తారు. పుట్టినప్పుడు 25 కిలోలు ఉన్న పెయ్య మరి 225 కిలోలు పెరగవలసి ఉంటుంది. రోజుకు 250 గ్రాముల చొప్పున పెరిగితే అందుకు 900 రోజులు, అనగా 30 నెలలు పడుతుంది. రోజుకు 400 గ్రాముల చొప్పున పెరిగితే 563 రోజులు, అనగా 19 నెలల లోపే ఆ బరువుకు చేరుతుంది. తొమ్మిది నెలల పైచిలుకు చూడి కాలాన్ని కలిపితే మొదటి పెయ్య 39 నెలలు దాటిన తరువాత, రెండవ పెయ్య సుమారు 28 నెలలకు ఈనుతాయి. రోజుకు 150 గ్రాముల తేడా రైతుకు దాదాపు 11 నెలల పాల ఆదాయంగా పరిణమిస్తున్నది. ఈ 150 గ్రాములను అతి తక్కువ ఖర్చుతో ఎలా సాధించాలి అన్నదే సంకలితాల చర్చలో అసలు ప్రశ్న. జీర్ణశక్తి పెరుగుట, ఆకలి పుట్టుట, వెంట్రుక నిగనిగలాడుట వంటి మాటలు ఈ ప్రశ్నకు సమాధానం కావు.

గడ్డిలో లోపించినదేమిటి?

వరిగడ్డిలో స్థూల మాంసకృత్తులు 3 నుండి 4 శాతం మాత్రమే ఉంటాయి. భాస్వరం 0.1 శాతం చుట్టుపట్ల ఉంటుంది. సిలికా తరచుగా 10 శాతం దాటుతుంది. గడ్డిలోని ఆక్జలేట్లు కాల్షియంను బంధించి దాని లభ్యతను తగ్గిస్తాయి. జొన్నచొప్ప, మొక్కజొన్న చొప్ప సిలికా విషయంలో కొంత మెరుగైనప్పటికీ మాంసకృత్తుల లోపం వాటిలోను ఉన్నది.

నెమరువేసే పశువు గడ్డిని స్వయంగా జీర్ణం చేసుకోలేదు. రుమెన్ అనబడే పెద్దపొట్టలోని బాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు ఆ పని చేస్తాయి. పీచును విచ్ఛిన్నం చేసే బాక్టీరియాకు వృద్ధి చెందడానికి నత్రజని ముఖ్యంగా అమోనియా రూపంలో కావాలి. రుమెన్ ద్రవంలో లీటరుకు 50 మిల్లీగ్రాముల అమోనియా నత్రజని సూక్ష్మజీవుల వృద్ధికి కనీస అవసరమని శాటర్, స్లైటర్ అనే శాస్త్రవేత్తలు 1974లో ప్రతిపాదించారు. ముతక మేతలపై బ్రతికే పశువు గరిష్ఠ పరిమాణంలో మేత తినాలంటే ఆ స్థాయి 200 మిల్లీగ్రాముల వరకు ఉండవలసి ఉంటుందని ఉష్ణమండల పశుపోషణపై విశేష కృషి చేసిన ఆర్. ఏ. లెంగ్ తదితరులు తరువాత చూపారు. కేవలం గడ్డి తినే దూడ రుమెన్‌లో ఈ కనీస స్థాయి కూడ అందకపోవడం సాధారణం. మేతలో మాంసకృత్తులు 7 శాతం కంటె తగ్గినప్పుడు పీచు కరగడం మందగించి, కరగని గడ్డి రుమెన్‌లో నిలిచిపోయి, తినే పరిమాణమే పడిపోతుంది.

పొట్ట జారి, వెన్నెముక తేలి, వెంట్రుక బిరుసెక్కిన దూడను చూచి నట్టల వ్యాధి అని నిర్ణయించడం పరిపాటి. నట్టలు ఉండవచ్చు. వాటికి మందు త్రాగించవలసిందే. అయితే మందు త్రాగించిన తరువాత కూడ ఆ దూడ కోలుకోకపోతే దాని రుమెన్‌లో నిండి ఉన్నది కరగని గడ్డి అని గ్రహించవలసి ఉంటుంది. గడ్డిలో శక్తి లేదనడం సరికాదు. వరిగడ్డి బరువులో అధిక భాగం సెల్యులోజు, హెమిసెల్యులోజులే. ఆ శక్తిని వెలికి తీసే సూక్ష్మజీవులకు కావలసిన పోషకాలు ఆ గడ్డిలో లేవు. సంకలితాలను ఈ లోపం దృష్టితో పరిశీలించినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నది తనంతట తానే తేటతెల్లమవుతుంది.

విపణిలోని సంకలితాలు ఏ మేత కొరకు ఏర్పడినవి?

సోడియం బైకార్బొనేటు వంటి బఫర్లను ముందుగా పరిశీలించవచ్చు. ధాన్యం అధికంగా తినే పశువుల రుమెన్‌లో ఆమ్లత పెరిగి, పీచును కరిగించే బాక్టీరియా దెబ్బతింటుంది. ఆ స్థితిలో బఫరు అవసరమే. గడ్డి తినే దూడ గంటల తరబడి నెమరువేస్తుంది. ఆ క్రమంలో ఊరే లాలాజలంలోనే సమృద్ధిగా బైకార్బొనేటు ఉంటుంది. దాని రుమెన్‌లో ఆమ్లత సమస్యే తలెత్తదు. లేని వ్యాధికి మందు కొనిపించడం వంటిదే ఈ సిఫారసు.

ఈస్టు సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. సాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్టు రుమెన్‌లోకి చేరిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను వినియోగించుకొని, ఆక్సిజన్ సహించని బాక్టీరియాకు అనుకూల వాతావరణం కల్పిస్తుంది. లాక్టిక్ ఆమ్లాన్ని వినియోగించే బాక్టీరియాను ప్రోత్సహిస్తుంది. ఈ రెండవ ప్రయోజనం దాణా ఎక్కువగా తినే పశువుకు సంబంధించినది. మొదటి ప్రయోజనం గడ్డి తినే దూడకు కూడ వర్తించవచ్చు. అయితే అనుకూల వాతావరణం లభించిన బాక్టీరియా వృద్ధి చెందడానికి మళ్ళీ అమోనియాయే కావాలి. అది లేని చోట ఈస్టు ప్రభావం పరిమితమే. ఎండుమేతలపై ఈస్టు ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి మూల మేతలలోని ఈ భేదం ఒక ప్రధాన కారణం.

మొనెన్సిన్ వంటి అయనోఫోర్ల చరిత్ర మరింత బోధపరుస్తుంది. అమెరికాలో 1975లో ఫీడ్‌లాట్ పశువుల కొరకు మొనెన్సిన్‌కు అనుమతి లభించింది. అక్కడి ప్రయోగాలను క్రోడీకరించి గుడ్‌రిచ్, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన సమీక్ష ప్రకారం ఫీడ్‌లాట్ పశువులలో మేత వినియోగం 6 శాతం పైగా తగ్గింది, బరువు పెరుగుదల మాత్రం ఒకటి రెండు శాతమే మెరుగైంది. పచ్చిక బయళ్ళపై మేసే పశువులలో పెరుగుదల సుమారు 13 శాతం మెరుగైంది. ఈ రెండవ సంఖ్యను చూపి, పీచుమేతపై అయనోఫోర్లు అద్భుతంగా పనిచేస్తాయని వాదించడం కద్దు. ఆ పచ్చిక బయళ్ళు వరిగడ్డి కావు. సాగు చేసిన పచ్చికలో మాంసకృత్తులు ఎండుగడ్డిలో కంటె ఎన్నో రెట్లు ఉంటాయి. మొనెన్సిన్ రుమెన్‌లో మాంసకృత్తులు అమోనియాగా విడిపోవడాన్ని తగ్గిస్తుంది. మాంసకృత్తులు పుష్కలంగా ఉన్న చోట ఇది లాభం. అమోనియాకే కరవున్న చోట ఇది లాభమని చెప్పుటకు వీలు లేదు.

అయనోఫోర్లు మానవ వైద్యంలో వాడబడటం లేదన్నది నిజమే. అయినప్పటికీ యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుండి పెరుగుదల ప్రేరకాలుగా యాంటీబయోటిక్కుల వాడకాన్ని నిషేధించినప్పుడు మొనెన్సిన్‌ను కూడ అందులో చేర్చింది. గుర్రపు జాతికి ఇది అత్యల్ప మోతాదులోనే ప్రాణాంతకం. తూకం, మిశ్రమం కచ్చితంగా ఉండని పల్లె కొట్టాలలో దీనిని విచక్షణారహితంగా సిఫారసు చేయడం క్షేమకరం కాదు.

పీచును కరిగించే ఎంజైముల విషయంలో ఒక సందేహం సహజంగా కలుగుతుంది. రుమెన్‌లోనే సెల్యులేజు సమృద్ధిగా ఉత్పత్తి అవుతుండగా, బయటి నుండి కొద్ది గ్రాములు చేర్చితే కలిగే అదనపు ఫలితమెంత? వరిగడ్డిలో అడ్డంకి లిగ్నిన్ బంధాలలోను, సిలికా పొరలోను ఉన్నది. ఎంజైము ఆ బంధాలను సులభంగా ఛేదించలేదు. క్షారం ఛేదిస్తుంది. యూరియా నుండి వెలువడే అమోనియా చేసే పని అదే.

మీథేన్ నిరోధకాలు నేటి చర్చలో ప్రముఖ స్థానం పొందినవి. వీటిలో 3-నైట్రోఆక్సీప్రొపనాల్ అనే పదార్థంపై విస్తృతంగా పరిశోధన జరిగింది. మేతలో పీచు శాతం పెరిగే కొద్దీ దాని ప్రభావం తగ్గుతుందని ఆ ప్రయోగాల సమీక్షలు సూచిస్తున్నవి. గడ్డిపై పెరిగే దూడ విషయంలో పర్యావరణ హితానికి దగ్గర దారి మరొకటి ఉన్నది. 28 నెలలకు ఈనే పెయ్య కంటె 39 నెలలకు ఈనే పెయ్య దాదాపు 11 నెలలు అదనంగా, ఏ ఉత్పత్తీ లేకుండా, మీథేన్‌ను వెలువరిస్తుంది. దూడను సకాలంలో పెంచడమే మీథేన్ తగ్గించే మొదటి ఉపాయం.

మొదటి మెట్టు: నత్రజని, గంధకం, ఖనిజాలు

గడ్డిపై పెరిగే దూడకు మొట్టమొదటి సంకలితం యూరియా. ఈ మాట క్రొత్తది కాదు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1980 దశకంలోనే యూరియా-మొలాసిస్-ఖనిజ ఇటుకలను ప్రచారంలోకి తెచ్చింది. క్రొత్తది కానంత మాత్రాన దాని ప్రాధాన్యం తగ్గలేదు.

150 కిలోల దూడ రోజుకు 3.5 కిలోల పొడి పదార్థాన్ని వరిగడ్డి రూపంలో తింటుందనుకుంటే, 3.5 శాతం లెక్కన దానికి అందే స్థూల మాంసకృత్తులు సుమారు 122 గ్రాములు. యూరియాలో 46 శాతం నత్రజని ఉన్నందున 30 గ్రాముల యూరియా 86 గ్రాముల మాంసకృత్తులకు సమానమైన నత్రజనిని అందిస్తుంది. దానికి అర కిలో పొట్టు తీయని పత్తి గింజల చెక్క తోడైతే మరి 110 గ్రాములు చేరుతాయి. అప్పటికి మొత్తం 320 గ్రాములకు చేరువై, మేతలో మాంసకృత్తులు 8 శాతం అవుతాయి. ఇది రుమెన్ సక్రమంగా పనిచేయడానికి కావలసిన స్థాయి మాత్రమే. పెరుగుదలకు కావలసినది ఇంకను మిగిలి ఉన్నది.

నత్రజనితో పాటు గంధకాన్ని విస్మరించరాదు. రుమెన్ సూక్ష్మజీవులు తమ మాంసకృత్తులలో గంధకం కలిగిన అమైనో ఆమ్లాలను తయారు చేసుకోవాలంటే 10 నుండి 12 పాళ్ళ నత్రజనికి ఒక పాలు గంధకం కావాలి. 30 గ్రాముల యూరియాలో సుమారు 14 గ్రాముల నత్రజని ఉంటుంది. దానికి తగిన గంధకం గ్రామున్నర లోపే. రుమెన్‌లో శిలీంధ్రాలు ఉన్నవని కోలిన్ ఆర్పిన్ 1975లో నిరూపించిన తరువాత గంధకం ప్రాముఖ్యం మరింత స్పష్టమైంది. ముతక పీచులోకి చొచ్చుకొనిపోయి దానిని చీల్చే ఈ శిలీంధ్రాలు గంధకం లోపించిన మేతపై క్షీణిస్తాయని ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనలు చూపినవి. గ్రామున్నర గంధకానికి అయ్యే ఖర్చు లెక్కలోకి రానిది. అయినను సిఫారసు పత్రాలలో దాని ప్రస్తావన అరుదు.

ఖనిజాల విషయంలో తెలుగు రాష్ట్రాల డెల్టా ప్రాంతాలలో ఒక విశేషం గమనించదగినది. వరి తవుడులో భాస్వరం సమృద్ధిగా ఉంటుంది. అర కిలో తవుడు పెట్టే రైతు తెలియకుండానే దూడకు 6 గ్రాములకు పైగా భాస్వరం అందిస్తున్నాడు. తవుడులో కాల్షియం అత్యల్పం. గడ్డిలో ఉన్న కాల్షియంను ఆక్జలేట్లు కొంత బంధిస్తాయి. అందుచేత తవుడు, గడ్డి మాత్రమే తినే దూడలో భాస్వరం లోపం తీరినా కాల్షియం లోపం మిగిలిపోతుంది. తవుడు దొరకని మెట్ట ప్రాంతాలలో చొప్పపై పెరిగే దూడకు ముందుగా భాస్వరమే కొరవడుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 1664 ప్రమాణానికి లోబడిన ఖనిజ లవణ మిశ్రమం ఉభయులకూ అవసరమే. అయితే ప్రాంతాన్ని బట్టి మేత మారుతున్నందున ప్రాంతీయ ఖనిజ మిశ్రమాల రూపకల్పన విస్తరణ శాస్త్రవేత్తలు విస్మరించరాని అంశం.

యూరియా వాడకంలో జాగ్రత్తలను ప్రతి సిఫారసులోను విధిగా చేర్చాలి. ఆరు నెలల లోపు దూడకు యూరియా ఇవ్వరాదు. 10 గ్రాములతో మొదలు పెట్టి రెండు వారాలలో పూర్తి మోతాదుకు తీసుకురావాలి. మొత్తం మేత పొడి పదార్థంలో ఒక శాతం మించరాదు. త్రాగే నీటిలో కలపరాదు. ఖాళీ కడుపున ఇవ్వరాదు. పచ్చి సోయా గింజల పిండితో కలపరాదు. దాణాలో గడ్డలు లేకుండా సమంగా కలిపి, తవుడు లేదా మొలాసిస్ తోడుగా ఇవ్వాలి. యూరియాతో మాగవేసిన గడ్డి తినే దూడకు దాణాలో మళ్ళీ యూరియా కలపరాదు. చొంగ కారుట, వణుకు, పొట్ట ఉబ్బరం కనిపించిన వెంటనే వెనిగర్‌ను చల్లని నీటిలో కలిపి త్రాగించి, పశువైద్యుని సహాయం పొందాలి.

రెండవ మెట్టు: పప్పుజాతి మేత, రుమెన్‌ను దాటిపోయే మాంసకృత్తులు

రుమెన్ సక్రమంగా పనిచేయడం మొదలు పెట్టిన తరువాత దూడకు కొంత నిజమైన మాంసకృత్తులు నేరుగా చిన్నప్రేవులలో అందవలసి ఉంటుంది. సూక్ష్మజీవుల నుండి లభించే మాంసకృత్తులు బ్రతుకు తెరువుకు, కొద్దిపాటి పెరుగుదలకు చాలును. రోజుకు 400 గ్రాముల పెరుగుదలకు చాలవు. పత్తి గింజల చెక్కలోని మాంసకృత్తులలో గణనీయమైన భాగం రుమెన్‌లో విడిపోకుండా ముందుకు సాగుతుంది. తెలంగాణలోను, గుంటూరు ప్రాంతంలోను ఇది స్థానికంగా లభించే వస్తువు. చైనాలోని హెబెయ్, హెనాన్ రాష్ట్రాలలో 1990 దశకంలో అమోనియాతో శుద్ధి చేసిన గోధుమ గడ్డికి పత్తి చెక్కను జోడించి, ధాన్యం దాదాపు లేకుండానే పశువులను పెంచిన అనుభవం ఉన్నది. చెక్క పరిమాణం పెరిగే కొద్దీ ప్రతి అదనపు కిలోకు లభించే ఫలితం తగ్గుతూ పోయిందన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. మొదట వేసే కొద్ది పరిమాణానికే అధిక ప్రతిఫలం లభిస్తుంది. చిన్న రైతుకు ఇంతకంటె అనుకూలమైన సూత్రం లేదు. గాసిపాల్ దృష్ట్యా పాలు త్రాగే వయస్సులోని దూడలకు మాత్రం ఈ చెక్క పెట్టరాదు.

కోస్తా వరి మాగాణులలో వరి తరువాత పిల్లిపెసర, జనుము చల్లే ఆచారం ఉన్నది. గట్లపై అవిశ, గిరిపుష్పం, సుబాబుల్ పెంచే వీలున్నది. రోజుకు 3 కిలోల పచ్చి పప్పుజాతి మేత లభిస్తే సుమారు 130 గ్రాముల మాంసకృత్తులు అదనంగా చేరుతాయి. గడ్డి తినే పరిమాణం కొంత తగ్గినా మొత్తం మేతలో మాంసకృత్తులు 10 శాతానికి చేరువవుతాయి. విటమిన్-ఎ కు మూలమైన కెరోటిన్ కూడ ఎండుగడ్డి నుండి లభించదు, ఈ పచ్చిమేత నుండి లభిస్తుంది. పచ్చిమేతను సంకలితమని ఎవరూ వ్యవహరించరు. గడ్డిపై పెరిగే దూడ విషయంలో అది చేసే పని మాత్రం సంకలితం పనియే. పరిమాణంలో స్వల్పం, ప్రభావంలో అధికం.

ఈ రెండు మెట్లు దాటిన తరువాతనే ఈస్టు, ఎంజైములు, అయనోఫోర్లు, మొక్కల సారాలు చర్చకు రావాలి. అప్పుడు వాటిలో కొన్ని నిజంగానే ప్రయోజనకరం కావచ్చు. వాటిని నిరాకరించడం ఈ వాదన ఉద్దేశం కాదు. వాటి స్థానం మూడవది అని గుర్తించడమే ఉద్దేశం.

ఒక న్యాయమైన ఆక్షేపణ

యూరియా అంత ఉపయోగకరమైనదైతే దశాబ్దాల ప్రచారం తరువాత కూడ రైతులు దానిని ఎందుకు విస్తృతంగా స్వీకరించలేదు అన్న ఆక్షేపణ న్యాయమైనది. దానికి రైతు అజ్ఞానాన్ని కారణంగా చూపడం సులభం, కాని సత్యం కాదు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుండి 60 లీటర్ల నీరు కలిపి, గాలి చొరకుండా మూడు వారాలు మాగవేయాలి. ఇందుకు మనుషులు, పాలిథీన్ పట్టా, నీరు, చోటు కావాలి. వెలువడే అమోనియాలో సగానికి పైగా కుప్ప విప్పినప్పుడు గాలిలో కలిసిపోతుంది. ఇంత శ్రమ పడి తయారు చేసిన గడ్డిని ప్రదర్శనలలో ఎక్కువగా పాలిచ్చే పశువులకే పెట్టి చూపారు. అప్పటికే దాణా తింటున్న పశువులో పాల పెరుగుదల స్వల్పం. ఫలితం కొట్టవచ్చినట్లు కనబడే అవకాశం ఉన్నది గడ్డి తప్ప వేరేమీ ఎరుగని దూడలలో. ఆ దూడలను తూచి చూపిన ప్రదర్శనలు అరుదు. యూరియా విషమన్న భయానికి తోడు, ఫలితం కనబడకపోవడం రైతును వెనుకకు లాగింది.

విపణిలోని పొట్లం ఎందుకు అమ్ముడవుతుందో కూడ ఇక్కడే అర్థమవుతుంది. అది ఒక చెంచాతో కొలిచి దాణాలో వేసే సౌలభ్యం కలది. మోతాదు దానిపైనే వ్రాసి ఉంటుంది. విస్తరణ వ్యవస్థ ఈ సౌలభ్యాన్ని విమర్శించడానికి బదులు అనుసరించడం మేలు. యూరియా, గంధకం, ఖనిజ లవణాలను సరియైన పాళ్ళలో కలిపి, దూడల కొరకు ప్రత్యేకంగా, మోతాదు చెంచాతోను, జాగ్రత్తల పట్టికతోను పొట్లాలుగా పాల సంఘాల ద్వారా అందించవచ్చు. పశువైద్య విశ్వవిద్యాలయాల దాణా మిశ్రమ కేంద్రాలకు ఇది సాధ్యం కాని పని కాదు. మాగవేసే శ్రమను భరించగల రైతుకు ఆ పద్ధతిని, భరించలేని రైతుకు నాకుడు ఇటుకను లేదా పొట్లాన్ని సూచించడం విజ్ఞత.

ప్రయోగాలలో పోలిక దేనితో?

వరుసక్రమం తప్పడానికి పరిశోధన పద్ధతి కూడ కొంత బాధ్యత వహించవలసి ఉంటుంది. ఈస్టు, ఖనిజాలు, కొద్దిపాటి నత్రజని మూలం కలిపిన ఒక మిశ్రమాన్ని దూడలకు ఇచ్చి, గడ్డి మాత్రమే తినే దూడలతో పోల్చినప్పుడు పెరుగుదల తప్పక కనబడుతుంది. ఆ పెరుగుదలలో ఈస్టు వంతు ఎంత, నత్రజని వంతు ఎంత అన్నది ఆ ప్రయోగం చెప్పలేదు. లాభమంతయు పొట్లంపై పెద్ద అక్షరాలతో ముద్రించిన పదార్థానికి ఆపాదింపబడుతుంది.

గడ్డి ఆధారిత మేతపై ఏ సంకలితాన్ని పరీక్షించినా, పోలిక సమూహానికి నత్రజని, గంధకం, ఖనిజాల లోపం సరిచేసిన మేతనే ఇవ్వాలి. ఆ మేతకు పైన సంకలితం ఎంత పెరుగుదల చేర్చినదో అదే దాని విలువ. అట్లే గడ్డి మాత్రమే తినే మరొక సమూహాన్ని కూడ చేర్చితే మొదటి మెట్టు విలువ ఎంతో, మూడవ మెట్టు విలువ ఎంతో ఒకే ప్రయోగంలో తేలుతుంది. స్నాతకోత్తర విద్యార్థులు తమ పరిశోధనా ప్రణాళికలో ఒక సమూహాన్ని అదనంగా చేర్చడం భారమే. అయితే ఆ సమూహం లేని ప్రయోగం రైతుకు కావలసిన ప్రశ్నకు సమాధానం ఇవ్వదు.

కొలిచే అంశాల విషయంలోను మార్పు అవసరం. జీర్ణీయత రెండు మూడు శాతం పెరిగినదన్న ఫలితం ప్రచురణకు చాలును గాని సిఫారసుకు చాలదు. రుమెన్ ద్రవంలో అమోనియా స్థాయి, తిన్న మేత పరిమాణం, రోజువారీ బరువు పెరుగుదల, ఒక కిలో అదనపు పెరుగుదలకు అయిన ఖర్చు అన్న నాలుగు అంశాలు ప్రతి నివేదికలోను ఉండాలి. మూల మేత విశ్లేషణ ఇవ్వకుండా సంకలితపు ఫలితాన్ని మాత్రమే ప్రకటించే వ్యాసాన్ని ఆమోదించే ముందు పత్రికల సమీక్షకులు కూడ ఆలోచించవలసి ఉంటుంది.

సిఫారసుకు ముందు మూడు ప్రశ్నలు

కృషి విజ్ఞాన కేంద్రాలలోను, పశుసంవర్ధక శాఖలోను పనిచేసే శాస్త్రవేత్తలు దూడలకు ఏ సంకలితాన్ని సూచించే ముందైనను మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకుంటే చాలా వృథా వ్యయం తప్పుతుంది. ఆ దూడ తినే మేతలో మాంసకృత్తులు 8 శాతానికి చేరినవా? గంధకం, ఖనిజ లవణాలు అందుతున్నవా? రోజుకు కొద్దిగానైనా పప్పుజాతి పచ్చిమేత గాని, చెక్క గాని పడుతున్నదా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి లేదన్న సమాధానం వచ్చినా, రైతు చేతిలోని డబ్బు ముందుగా ఆ లోపానికే వెచ్చించబడాలి. మూడింటికీ అవునన్న సమాధానం వచ్చిన చోట ఖరీదైన సంకలితం గురించి చర్చించవచ్చు, పెరుగుదలను ఛాతీ చుట్టుకొలత టేపుతోనైనా నెలనెలా కొలుస్తూ దాని ఫలితాన్ని నిర్ధారించుకోవచ్చు.

గడ్డివాము ప్రక్కన కట్టివేసిన పెయ్యకు ఈ విషయాలేవీ తెలియవు. దానిని కట్టిన రైతు మాత్రం శాస్త్రవేత్త మాట నమ్మి ఖర్చు పెడతాడు. ఒకసారి ఫలితం లేని పొట్లానికి డబ్బు పోగొట్టుకున్న రైతు తరువాత వచ్చే మంచి సలహాను కూడ అనుమానంతోనే వింటాడు. దూడల పోషణపై పెట్టే ప్రతి రూపాయికి ఫలితం కనబడేలా సలహా ఇవ్వడం అందుచేతనే అత్యవసరం. నత్రజని, గంధకం, ఖనిజాలు ముందు. పప్పుజాతి మేత, చెక్క తరువాత. మిగిలినవన్నీ ఆ తరువాతనే.